మాస్టర్ భుజం ఎత్తితేనే పాట

మా మండలంలో గల్ఫుకు పోనివాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఈ రాత ఆ వేళ్ళ కోసం. పోయివచ్చినవాళ్ళు కూడా చదువుకోండి, కాదనను. కాని "అక్కడ అట్లా ఉండదు పోశెట్టీ" అని నాకు ఫోన్లు చేయొద్దు. నేను చూసింది నేను రాస్తున్నాను. మీరు చూసింది మీరు రాసుకోండి.

కోరుట్లలో నేను బ్యాండు పార్టీ నడుపుతాను. పెళ్ళి ఊరేగింపు ముందు ఎర్రకోటు తొడుక్కొని ట్రంపెట్ ఊదుతూ నడిచే మనిషిని మీరు చూసే ఉంటారు. చూడకపోతే తప్పు మీది కాదు, డీజే పెట్టెలది. ఆ పెట్టెలు వచ్చాక నన్ను చూసిన ప్రతివాడూ "ఇంకెన్నొద్దులు ఊదుతవ్ కాకా, అమ్మెయ్యరాదు" అంటున్నాడు. అమ్మను. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అంటారు కదా. నేను ఆ ఉలిపికట్టెనే, ఏం చేస్తారో చేసుకోండి.

ఈ ప్రయాణానికి కారణం ఒక వాట్సాప్ మెసేజ్. మస్కట్‌లో మనవాళ్ళ సంఘం ఏడాదికో శుక్రవారం ఆటపాటలూ భోజనాలూ పెట్టుకుంటుంది. ఈ ఏటి కార్యక్రమాల జాబితా ఎవరో నాకు పంపారు. పిల్లల నాట్యం, పద్యాలు, ఆడవాళ్ళ ముగ్గుల పోటీ. వాటి మధ్యలో ఒక వరుస ఉంది. "ఎలియో గారికి నివాళి. ఫోటోకు పూలమాల. అయిదు నిమిషాలు."

ఎలియో నాకు పాట నేర్పిన మాస్టర్. పాటగాడికి పాట లేకుండా దండ వేస్తారట. నాకు ఒళ్ళు మండింది. ఆ సాయంత్రమే సంఘం కార్యదర్శి సుజాత గారికి ఫోన్ చేసి, నేను వస్తున్నానని, వాయిస్తానని చెప్పాను. ఆమె "అయ్యో, అంత దూరం నుంచి మీకెందుకండీ శ్రమ" అంది. ఆ మాటతో ఇంకా మండింది.

మా మాస్టర్

బొలెరో అంటే మనకు బండి. ఎలియో మాస్టర్ దేశంలో అది పాట. ఆయనది క్యూబా దీవిలో శాంటియాగో అనే ఊరు. తండ్రికి క్షవరశాల ఉండేది. గోడకు ఒక గిటారు వేలాడేదట. వంతు కోసం వచ్చినవాళ్ళు ఊరికే కూర్చోలేక దాన్ని తీసి, దూరమైన మనిషిని తలుచుకునే పాటలు మెల్లగా పాడుకునేవాళ్ళట. అవే బొలెరోలు. వాటికి ఎవరూ ఎగరరు. కూర్చొని వింటారు, లేకపోతే పక్కనున్న మనిషి చేయి పట్టుకుంటారు. ఎలియో మాస్టర్ ఆ కుర్చీల మధ్యే పాట నేర్చుకొని, పెద్దయ్యాక సొంతంగా బ్యాండు కట్టి, పదిమందిని వెంటబెట్టుకొని మస్కట్‌లో ఒక సముద్రపు ఒడ్డు హోటలుకు మూడు నెలల కాంట్రాక్టు మీద వచ్చాడు. మూడు నెలలయ్యాక పదిమందీ వెళ్ళిపోయారు. ఆయన ముప్పై ఏళ్ళు ఉండిపోయాడు.

ఎందుకు ఉన్నావని అడిగితే రోజుకో జవాబు. ఒకరోజు ఇక్కడి చేప బాగుంటుందనేవాడు. ఇంకోరోజు సముద్రం మా ఊరి సముద్రం లాగే ఉందనేవాడు. ఒక్కసారి మాత్రం, ఒకామె ఇక్కడికే వస్తానని మాటిచ్చిందని, రాలేదని చెప్పాడు. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. ఆయన కట్టిన పాటల్లో అందరూ అడిగి పాడించుకున్నది ఆమె మీద కట్టిందే. రెండు కుర్చీలు వేశాను, ఒకటి నాది, ఒకటి నీది, నువ్వు రాకపోయినా నీ కుర్చీ ఎవరికీ ఇవ్వను. అంతే పాట. హోటల్లో భోంచేస్తున్న దొరలు కూడా ఆ పాటకు చెంచాలు కింద పెట్టేవాళ్ళు.

నేను ఆయన కంట పడింది గోడ కడుతూ. అప్పుడు నాకు ఇరవయ్యారేళ్ళు, కంపెనీలో హెల్పర్‌ని. హోటలు వెనక కాంపౌండు గోడ పని. మధ్యాహ్నం అన్నం తిన్నాక, ఇంటి నుంచి తెచ్చుకున్న ట్రంపెట్ తీసి ఊరేగింపు పాట ఊదాను. వంటింటి తలుపు తీసుకొని, సగం గడ్డం గీసుకున్న ముఖంతో, భుజం మీద తువ్వాలుతో ఒకాయన బయటికొచ్చాడు. తిడతాడనుకున్నాను. "ఫిర్ సే" అన్నాడు. మళ్ళీ ఊదాను. మన పెళ్ళి పాట మీద ఆయన తన భాషలో ఏదో పాడాడు. ఆ రోజు నేను డ్యూటీకి ముప్పావు గంట ఆలస్యంగా పోయి ఫోర్‌మన్‌తో నానా మాటలు పడ్డాను.

కొన్ని నెలలకు కాగితాల మీద నేను వెయిటర్‌నయ్యాను, చేతిలో మాత్రం ట్రంపెటే. తర్వాత మా కూలీల క్యాంపులో క్లారినెట్ ఊదే లింబన్న వచ్చాడు. లాండ్రీ వ్యాను తోలుతూ స్టీరింగు మీద దరువేసే కడప రహీం భాయ్ వచ్చాడు. క్యూబా బ్యాండు కాస్తా కోరుట్ల-కడప బ్యాండు అయింది. బొలెరో అంటే తన మనిషి దూరంగా ఉన్నవాళ్ళ పాట అని మాస్టర్ క్యాంపు హిందీలో చెబితే, లింబన్న "గట్లయితే మా క్యాంపు క్యాంపంత నీ పార్టీనే మాస్టర్" అన్నాడు. ఆయన పడీపడీ నవ్వాడు.

ఆయన దగ్గర పదకొండేళ్ళు వాయించాను. ఒక్కనాడూ ఒకటి రెండు మూడు అని లెక్క చెప్పలేదు. ఎడమ భుజం కొంచెం ఎత్తి ఊపిరి పీల్చేవాడు. ఆ ఊపిరితో పాటే మేము మొదలుపెట్టాలి. నిద్రలో లేపినా ఆ భుజం చూస్తే మా వేళ్ళు కదిలేవి. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత మాకు ఇదే మీదికొచ్చింది.

నేను ఇంటికి వచ్చేసిన తొమ్మిదేళ్ళలో హోటలువాళ్ళు బ్యాండు తీసేసి గోడల్లో స్పీకర్లు పెట్టుకున్నారు. లింబన్న ఒక దిక్కు, రహీం ఒక దిక్కు పోయారు. మాస్టర్ మస్కట్‌లోనే దార్సైట్ అనే పేటలో కొండ కింద ఒక గదిలో ఉంటూ, మన సంఘం పండగలకు పిలిచినా పిలవకున్నా వచ్చి పాడేవాడట. కిందటేడు పోయాడు. పోయే ముందు ఆస్పత్రి నుంచి నాకు వాయిస్ మెసేజ్ పంపాడు. అందులో సగం దగ్గే. "పోచెట్టీ, ఏక్ సాల్ బాద్ మేరా గానా బజావ్. కబర్ పే నహీ. జహా లోగ్ ఖానా ఖాతే, వహా." ఏడాదికి నా పాట వాయించు, సమాధి దగ్గర వద్దు, జనం తింటున్న చోట వాయించు అని. బతుకంతా అన్నం దగ్గరే పాడినవాడు ఇంకేమంటాడు.

ఏడాది నిండేది సరిగ్గా ఆ శుక్రవారమే. అందుకే బయలుదేరాను.

మస్కట్, దార్సైట్

మొదటి అవమానం ఎయిర్‌పోర్టులోనే జరిగింది. కస్టమ్స్ ఆయన పెట్టె తెరవమన్నాడు. తెరిచాను. ఏమిటిది అన్నాడు. ట్రంపెట్ అన్నాను. ఊది చూపించమన్నాడు. మా ఇంటావిడ సామాను సర్దిన సంగతి నాకు అప్పుడు గుర్తుకు రాలేదు. ఊపిరి నిండా పీల్చి ఊదితే పాట రాలేదు, సకినాలు వచ్చాయి. ట్రంపెట్ కొసన ఉండే గంటలాంటి మూతి ఖాళీగా ఎందుకుండాలని ఆమె అందులో సకినాలు కుక్కింది. నువ్వులూ ముక్కలూ ఆయన తెల్లటి బల్ల మీద పడ్డాయి. ఆయన ఒక ముక్క నోట్లో వేసుకొని, "గుడ్" అని పెట్టె మూసేశాడు. మన దగ్గరైతే బల్ల ఎవడు తుడుస్తాడని గంటసేపు నిలబెట్టేవాళ్ళు.

దార్సైట్‌లో సుజాత గారిల్లు కృష్ణుడి గుడికి నాలుగడుగుల దూరం. ఆ వీధిలో సాయంత్రం నడిస్తే ఒక కిటికీలోంచి సాంబారు వాసన, ఇంకో కిటికీలోంచి ఎక్కాలు చదివే గొంతులు. సుజాత గారు కాకినాడావిడ, స్కూల్లో లెక్కల టీచరు. పెసరట్టు పెట్టి, ఏడుసార్లు "ఇంకొకటి వేయమంటారా" అని అడిగింది. మా వైపు అడగరు, వేసేస్తారు. మిగిలిన సకినాలు ఇచ్చాను. అవి ట్రంపెట్‌లోంచి వచ్చాయని చెప్పలేదు.

"మాస్టర్ అన్నం దగ్గర వాయించమన్నడు మేడం. మీ భోజనాల టైములో ఒక పది నిమిషాలియ్యండి" అన్నాను.

"భోజనాల దగ్గర గొడవగా ఉంటుందండీ. క్యాంపుల నుంచి బస్సుల్లో వచ్చినవాళ్ళు వేళకి తిని వెళ్ళాలి. ఆయనకి అది మర్యాద కాదు కూడాను. వేదిక మీదే చేద్దాం, మీ పేర్లు మైకులో చెప్పిస్తాను." ప్లేటు నా వైపు జరిపి, "ఏమీ అనుకోకండి, ఆ పాట ఇక్కడ ఎవరికీ తెలీదు. అర్థం కాని పాటకి జనం కూర్చోరు. ఆయన ఫోటో చూపిస్తూ ఏదైనా తెలిసిన పాట వేస్తే నిండుగా ఉంటుందేమో" అంది.

"జనం కూసోకుంటే నిలబడే వింటరు" అన్నాను. ఆమె అయిదు నిమిషాలను పది చేసింది.

ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటి ఒప్పుకుంటాను. వేదిక అనగానే నేను మెత్తబడ్డాను. బ్యాండువాళ్ళం తరతరాలుగా పందిరి బయటే, మురుగు మోరీ పక్కనే నిలబడి వాయించినవాళ్ళం. మైకులో పేరు చెబుతారంటే ఆశపడ్డాను. మాస్టర్ చెప్పింది ఒకటి, నేను ఒప్పుకున్నది ఇంకొకటి.

దుక్మ్

లింబన్న దుక్మ్‌లో ఉన్నాడు. మస్కట్ నుంచి బస్సులో ఆరేడు గంటలు. దారిలో కొండలు అయిపోతాయి, తర్వాత చెట్లు అయిపోతాయి, తర్వాత చూడటానికేమీ ఉండదు. పక్క సీటులో ఒక ముసలి ఒమానీ పెద్దాయన ఖర్జూరాలు తింటూ, నేను వద్దన్నప్పుడల్లా చేతిలో ఇంకో రెండు పెట్టాడు. భాష లేదు, బంధుత్వం లేదు, పెట్టడం మాత్రం మా అత్తగారిలా పెట్టాడు. మధ్యలో బస్సు ఆగినచోట కరక్ చాయ్, అదే చిక్కటి పాల టీ, నూరు బైసలు, అంటే అక్కడి చిల్లర. నేను ఉన్నప్పుడూ అంతే. ప్రపంచంలో ఇదొక్కటే మారలేదు.

దుక్మ్‌లో గాలి మనిషిని నిలబడనివ్వదు. కొత్త ఓడరేవు, రిఫైనరీ, క్రేన్లు, వాటి వెనక వరసగా తెల్ల డబ్బాల్లాంటి రూములు. క్యాంపు మెస్సులో లింబన్న వంటమాస్టర్. రెండు వందలమందికి ఒండుతాడు. నన్ను చూసి గరిటె కింద పెట్టకుండానే, "తింటవా, మాట్లాడుతవా?" అన్నాడు. తిన్నాను. పచ్చిపులుసు, పప్పు. ఇసుకలో పచ్చిపులుసు తాగితే ఆ రుచి వేరు.

క్లారినెట్ ఏదని అడిగితే బియ్యం డ్రమ్ములో చెయ్యి పెట్టి, బట్టలో చుట్టిన కట్టె బయటికి తీశాడు. ఉప్పు గాలికి పాడవకుండా ఆరేళ్ళుగా అందులోనే దాచాడట. "ఊదినవా మధ్యల?" అన్నాను.

"యాడ ఊదుడు. ముంగటి పన్ను ఊడిపోయింది. ఇగో సూడు." నోరు తెరిచి చూపించాడు. నేను తెచ్చిన కొత్త రీడ్, అదే ఊదే చోట బిగించే పుల్ల, పెట్టి ఊదితే మేకపిల్ల అరిచినట్టు వచ్చింది. మెస్సులో అందరూ నవ్వారు. లింబన్నకు కోపం వచ్చింది. నాకు సంతోషమైంది. కోపమొస్తే లింబన్న మొండివాడు, మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అనలేదు.

చిక్కు పన్నుతో కాదు, సెలవుతో వచ్చింది. క్యాంపు బాస్ శుక్రవారం సెలవు కుదరదన్నాడు. శుక్రవారం బిర్యానీ, అది లింబన్న ఒండకపోతే రెండు వందలమంది ఊరుకోరు. లింబన్న గరిటె భుజాన వేసుకొని బాస్ గదికి పోయాడు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"సుబే చార్ బజే బిర్యానీ రెడీ. సాత్ బజే మై జాతా. తుమ్ హా బోలా తో భీ జాతా, నా బోలా తో భీ జాతా" అన్నాడు. పొద్దున నాలుగింటికల్లా బిర్యానీ రెడీ, ఏడింటికి నువ్వు సరే అన్నా పోతాను, కాదన్నా పోతాను అని. బాస్ మాంసం ఉడకకపోతే అంతు చూస్తానన్నాడు.

"నా బిర్యానీల మాంసం ఉడకకపోవుడేంది" అని లింబన్న బయటికొచ్చి నాతో అన్నాడు. అసలు అవమానం అదేనన్నట్టు.

షినాస్

అక్కడి నుంచి వెనక్కి వచ్చి, ఉత్తరాన షినాస్‌కు పోయాను. దుక్మ్ చూసిన కళ్ళకు షినాస్ పచ్చగా ఉంటుంది. ఖర్జూర తోటలు, చేపల పడవలు, ఎండు చేపల వాసన. రేవు దగ్గర రహీం భాయ్ నడిపే కిరాణా కొట్టు. చపాతీలో చీజు పూసి, చిప్స్ నలిపి చుట్టి ఇస్తాడు, ఒమానీ పిల్లలు లైను కడతారు. మా కోరుట్లలో ఇది పెడితే ఉడకబెట్టిన శనగ గుడాలు తినేవాళ్ళు నన్ను తరిమి కొడతారు, కాని నేను రెండు తిన్నాను.

"యాడుండావు రా ఇన్నాళ్ళు" అని రహీం నన్ను వాటేసుకున్నాడు. గడ్డం నెరిసింది, నెత్తిన టోపీ. మూడు రోజుల కింద ఫోన్లో వస్తున్నానని మాత్రమే చెప్పాను, ఇప్పుడు వచ్చిన పని చెప్పగానే చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"హజ్‌కు పోయొచ్చినాక ఆ పని వదిలేసినా అప్పా. డోళ్ళన్నీ ఇచ్చేసినా. నీకు తెలీదా ఏమి?"

"మాస్టర్ కోసం భాయ్."

"ఆయన కోసం రోజూ దువా చేస్తాండా. అది చాల్దా?"

ఒకరి నమ్మకం మీద నేను ట్రంపెట్ ఊదలేను. చెవిటివాని ముందు శంఖం అనుకుందామంటే రహీం చెవిటివాడు కాడు, మా అందరికంటే చెవి ఉన్నవాడు. ఆ రాత్రి వాళ్ళింట్లోనే అన్నం తిన్నాను. భాభీ చేప వేపుడు వేస్తూ, "మూడు రోజుల్నుంచి నీ ఫోన్ వచ్చినకాడి నుంచి గల్లాపెట్టె మీద దరువేస్తానే ఉండాడు. చెప్పడులే" అంది. రహీం తల వంచుకొని ముల్లు ఏరుకున్నాడు.

తెల్లారి కొట్టు యజమాని అయిన ఒమానీ ముసలాయన మమ్మల్ని తన ఇంటికి కహ్వా, అంటే వాళ్ళ కాఫీ, తాగుదాం రమ్మన్నాడు. ఇక్కడ కప్పు అటూ ఇటూ ఊపితేనే చాలని అర్థం, లేకపోతే పోస్తూనే ఉంటారు. రహీం ఆ రోజు కప్పు ఊపడం మరిచిపోయి ఎనిమిది తాగాడు. అతని చూపు గోడకు తగిలించిన దఫ్ మీద ఉంది. చెక్క చట్రానికి తోలు బిగించిన గుండ్రటి వాయిద్యం, వాళ్ళింటి పెళ్ళిళ్ళలో వాయిస్తారట.

"దఫ్‌కు ఎవుడూ ఏమీ అనలేడు" అన్నాడు రహీం ఉన్నట్టుండి. నాతో కాదు, గోడతో. "మన పెద్దోళ్ళు కొట్టినారు, శుభకార్యాలకు కొట్టినారు. డోలు వేరే, దఫ్ వేరే. ఎవుడన్నా అంటే రమ్మను, నేను జవాబు చెప్తా." ముసలాయనతో అరబ్బీలో ఏదో అన్నాడు. ఆయన దఫ్ దించి, దుమ్ము తుడిచి, రహీం చేతిలో పెట్టాడు.

దఫ్ మీద బొలెరో. మాస్టర్ బతికుంటే గడ్డం సగం గీసుకొనే బయటికొచ్చేవాడు.

వేదిక మీద

శుక్రవారం నమాజు అయ్యాక మూడు గంటలకు కార్యక్రమం మొదలైంది. హాలు నిండింది. ముందు వరసల్లో దార్సైట్ కుటుంబాలు, వెనక గోడ పొడవునా క్యాంపుల నుంచి బస్సుల్లో వచ్చినవాళ్ళు. నాలుగు కావస్తున్నా లింబన్న లేడు. నాలుగుంబావుకు ఒక చేపల లారీ దిగి, ఒంటి నిండా బిర్యానీ వాసనతో, చంకలో క్లారినెట్‌తో వచ్చాడు. "ఉడికిందా?" అన్నాను. "మంచిగుడికింది" అన్నాడు.

మా బ్యాండు పార్టీల్లో ఒక ఆనవాయితీ ఉంది. మాస్టర్ పోతే ఏడాదిపాటు వరసలో కుడివైపు కొస ఆయన చోటు ఖాళీగా ఉంచుతాం. ఎంత ఇరుకు గల్లీ అయినా అందులో ఎవరూ అడుగు పెట్టరు. ఏడాది నిండిన రోజు ఎవరో ఒకరు జరిగి అక్కడ నిలబడాలి. ఎవరు నిలబడాలని మేము ముగ్గురం మాట్లాడుకోనే లేదు. నేను ఇద్దరినీ తెచ్చిన సంబరంలో ఉన్నాను. లింబన్న పన్ను గురించి, రహీం దఫ్ గురించి ఆలోచిస్తున్నారు.

మైకులో మా పేర్లు చెప్పారు. వేదిక ఎక్కాం. కుడివైపు ఒక కుర్చీ వేసి దాని మీద మాస్టర్ ఫోటో పెట్టారు, దండతో. మేము వాయిద్యాలు ఎత్తుకున్నాం. నేను ట్రంపెట్ పెదాలకు ఆనించాను. లింబన్న క్లారినెట్ ఆనించాడు. రహీం అరచెయ్యి దఫ్ మీద పెట్టాడు. ముగ్గురం ఆ కుర్చీ వైపు చూస్తూ నిలబడ్డాం.

భుజం లేవడం లేదు. లేవదని తెలుసు. అయినా పదకొండేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది. నేను లింబన్న మొదలుపెడతాడని, లింబన్న రహీం మొదలుపెడతాడని, రహీం నేను మొదలుపెడతానని చూస్తున్నాం. ఎంతసేపో తెలియదు. ముందు వరసలో ఒకాయన, ఇది మౌనం పాటించడం కాబోలు అనుకొని లేచి నిలబడ్డాడు. ఆయన్ని చూసి పక్కవాళ్ళు లేచారు. హాలు హాలంతా చేతులు కట్టుకొని నిలబడింది. ఇక ఎట్లా ఊదుతాం?

సుజాత గారు కళ్ళు తుడుచుకొని మైకు అందుకుంది. "ఎలియో గారికి మౌనంగా నివాళి అర్పించిన కళాకారులకి ధన్యవాదాలు. తరువాతి అంశం, చిన్నారుల నాట్యం." పెట్టెలోంచి పాట ధడధడలాడుతూ వచ్చింది. మేము వాయిద్యాలు ఎత్తుకున్న చేతులతోనే మెట్లు దిగిపోయాం. ముందు వరసవాళ్ళు చప్పట్లు కొట్టారు.

వందల మైళ్ళు పోయి, బియ్యం డ్రమ్ములోంచి, గోడ మీదినుంచి దించి తెచ్చిన బ్యాండు ఒక్క గింజ పాట వాయించకుండా చప్పట్లు కొట్టించుకుంది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. సన్మానం కంటే చెప్పుదెబ్బ నయం అనిపించింది.

అన్నం దగ్గర

హాలు వెనక ఖాళీ జాగాలో భోజనాలు. ఇంకా పొద్దు గుంకలేదు. గిన్నెలు వరసగా పెట్టి, బస్సుల వాళ్ళకు ముందు వడ్డిస్తున్నారు. ప్లేట్లు పట్టుకొని పొడవాటి లైను. మేము ముగ్గురం గోడ పక్కన కూర్చున్నాం.

"తప్పు నాదే" అన్నాను. "అన్నం కాడ వాయించమన్నడు మాస్టర్. నేనే మైకుకు ఆశపడి మెట్లెక్కించిన."

"నీదే తప్పు" అన్నాడు లింబన్న. ఓదార్చడం అతనికి చేతకాదు.

రహీం లైను వైపు చూశాడు. "ఇది అన్నం కాడే గదా అప్పా" అన్నాడు.

ముగ్గురం లేచాం. పప్పు గిన్నె ఎదురుగా వరసలో నిలబడ్డాం. మా కాళ్ళు వాటంతటవే కుడి కొసన ఒక మనిషి చోటు వదిలాయి. నేను ఆ ఖాళీ చూశాను. ఏడాది నిండింది. ఇక ఎవడూ రాడు, రావలసింది నేనే. కుడివైపుకు జరిగి ఆ చోట నిలబడ్డాను. ఎడమ భుజం ఎత్తాను. ఊపిరి పీల్చాను.

దఫ్ పడింది. క్లారినెట్ వచ్చింది. మేకపిల్ల కాదు, ఆరేళ్ళు బియ్యంలో దాచిన గొంతు. నేను ముందు పలుకు ఊది ఆపేశాను, ఎందుకంటే అక్కడ మాస్టర్ గొంతు రావాలి. ఆ చోటు ఖాళీగానే వదిలేద్దామనుకున్నాం.

సుజాత గారు పరుగున వచ్చింది. "పోశెట్టి గారూ, లైను ఆగిపోతోందండీ."

"ఆగనీయండి మేడం" అని నేను మళ్ళీ ట్రంపెట్ ఎత్తాను. లైను నిజంగానే ఆగిపోయింది. గరిటెలు కూడా ఆగిపోయాయి.

మాస్టర్ పాడవలసిన చోట, లైను మధ్యలోంచి ఒక గొంతు వచ్చింది. తర్వాత ఇంకొకటి. తర్వాత పది.

రెండు కుర్చీలేసినం, ఒకటి నీది బిడ్డా,
నువ్వు రాకున్నా దాన్ని ఎవ్వలకియ్యం.

నేను చెప్పడం మరిచాను. ఇంటికి వచ్చాక ఈ తొమ్మిదేళ్ళూ మా బ్యాండు పార్టీ ఈ పాటనే పెళ్ళికూతుర్ని సాగనంపేటప్పుడు వాయిస్తోంది. మన మాటలు మేమే పెట్టుకున్నాం. మా దగ్గర నేర్చుకొని పోయినవాళ్ళు జగిత్యాలలో, మెట్‌పల్లిలో, నిర్మల్‌లో వాయిస్తున్నారు. డీజేకు వేలు పోసినవాళ్ళు కూడా సాగనంపే వేళ పెట్టె ఆపించి ఈ పాట అడుగుతారు. ఎవరికీ తెలియని పాట అంది సుజాత గారు. ప్లేట్లు పట్టుకున్న ఆ మొగవాళ్ళు ఏడుస్తూ పాడుతుంటే ఆమె పప్పు గిన్నె పక్కన నిలబడి చూసింది. తర్వాత తనే గిన్నెలోంచి గరిటె తీసి పక్కన పెట్టి, వడ్డించేవాళ్ళతో "ఉండండి, పాట అవనివ్వండి" అంది.

పాట అయ్యాక లైనులోంచి ఒకతను మా ముందుకొచ్చాడు. దుక్కలా ఉన్నాడు, క్రేన్ ఆపరేటర్ అట. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కోపంగా కూడా ఉన్నాడు.

"కాకా, ఈ పాట మీకెట్లస్తది?"

"ఎందుకు తమ్మీ?"

"ఇది మాది. మెట్‌పల్లి దిక్కుది. మా చెల్లె పెండ్లికి నాకు సెలవియ్యలే. సాగనంపేటప్పుడు మా అమ్మ ఫోన్ పట్టుకున్నది, నేను క్రేన్ మీద కూసోని విన్న. ఇదే పాట. మీరు మస్కటోళ్ళు, మా ఊరి పాట మీదే అన్నట్టు గొడ్తున్నరు."

లింబన్న నోరు తెరిచాడు. ఇక క్యూబా అంటాడు, శాంటియాగో అంటాడు, హోటలు అంటాడు. నేను అతని కాలు తొక్కాను. గాలితోనైనా కొట్లాడే పోశెట్టిని నేను. ఆ ఒక్కసారి కొట్లాడలేదు.

"నిజమే తమ్మీ, మీ ఊరిదే" అన్నాను. "నిలబడు, ఇంకోసారి గొడ్తం, నువ్వు పాడు."

ఎడమ భుజం ఎత్తాను.